డబ్బుతో పనిచేసేవారు: మనస్తత్వం, ఆర్థిక దృక్పథం

బ్యాంకులు, బీమా సంస్థలు, షేర్ మార్కెట్ బ్రోకరేజీలు, మ్యూచువల్ ఫండ్లు, సూక్ష్మరుణ సంస్థలలో పనిచేసేవారి స్వభావం ఎలాంటిది? రిస్కును వారు ఎలా చూస్తారు? డబ్బు, మార్కెట్, ఉద్యోగ భద్రత, నిజాయితీ గురించి వారి అభిప్రాయాలు ఎక్కడినుంచి వస్తాయి? ఈ ప్రశ్నలను మనస్తత్వశాస్త్రం, ప్రయోగాత్మక అర్థశాస్త్రం, మానవశాస్త్రం కలిసి పరిశీలిస్తున్నాయి. ఈ పరిశోధన చాలాకాలం అక్కడక్కడ మాత్రమే జరిగి, 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం తర్వాత ఊపందుకుంది. ఇళ్ల రుణాలు కుప్పకూలి, శతాధిక వయసున్న బ్యాంకులు మూతపడినప్పుడు, ఆ నిర్ణయాలు తీసుకున్న మనుషులు ఎవరన్న ప్రశ్న అందరి నోటా వినిపించింది.

ఆ ప్రశ్నకు జనం వెంటనే చెప్పుకున్న జవాబు అత్యాశ. అందులో కొంత నిజం ఉంది. అయితే ఇన్నేళ్ల పరిశోధనలను వరుసగా చూస్తే అంతకన్నా కలవరపెట్టే సంగతి ఒకటి బయటపడుతుంది. పెద్ద నష్టాలకు కారణమైనవారిలో చాలామంది తాము అమ్ముతున్నదాన్ని మనసారా నమ్మినవారే. ఆ నమ్మకం పుట్టుకతో వచ్చిన గుణం నుంచి రాలేదు. కూర్చున్న కుర్చీ, నెలాఖరున చేతికొచ్చే ఇన్సెంటివ్, పక్కసీటులోని సహోద్యోగి కలిసి దాన్ని తయారుచేశాయి.

ఎవరీ ఉద్యోగులు

'ఆర్థిక రంగం' అనే ఒక్క మాట కిందికి పొంతన లేని పనులెన్నో వస్తాయి. చికాగో కమోడిటీ ఎక్స్‌ఛేంజీలో క్షణాల్లో కొని అమ్మే ట్రేడరు, లండన్ సిటీలో కంపెనీల విలీనాలు కుదిర్చే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరు, మండల కేంద్రంలో పంటరుణం ఫైలు చూసే ఫీల్డ్ ఆఫీసరు, ఇంటింటికీ తిరిగే బీమా ఏజెంటు, చిట్టీల కంపెనీలో వసూళ్లు చూసే గుమస్తా, అందరూ దీనిలోకే వస్తారు. హైదరాబాదు గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లో అమెరికన్ బ్యాంకుల కార్యాలయాలు వెలిశాక, వాల్ స్ట్రీట్ లెక్కల్లో కొంత భాగం తెలుగు యువత చేతుల మీదుగా సాగుతోంది.

ఇంత వైవిధ్యం ఉన్నచోట 'బ్యాంకరు స్వభావం' అని ఒకే గాటన కట్టడం పొరపాటు. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో వృత్తులను వ్యక్తిత్వాలతో ముడిపెడుతూ ప్రతిపాదించిన సిద్ధాంతంలోనే ఈ తేడా ఉంది. లెక్కలు, నియమాలు, క్రమం ఇష్టపడేవారిని ఒక రకంగా, ఎదుటివారిని ఒప్పించి పని సాధించడం ఇష్టపడేవారిని మరో రకంగా ఆయన విభజించారు. అకౌంటెంటు మొదటి రకానికి, స్టాక్ బ్రోకరు రెండో రకానికి దగ్గరగా ఉంటారు. బ్యాంకు శాఖలో ఈ ఇద్దరూ పక్కపక్క టేబుళ్ల దగ్గరే కూర్చుంటారు.

పాత అనుమానం

డబ్బు తిప్పేవాడి మీద అనుమానం ప్రాచీనమైనది. మధ్యయుగపు యూరప్‌లో చర్చి వడ్డీని పాపమంది. షేక్‌స్పియర్ సృష్టించిన వడ్డీ వ్యాపారి షైలాక్ పాత్ర ఆ భావననే రంగస్థలం మీదికి తెచ్చింది. మన కౌటిల్యుడి చూపు వేరు. అర్థశాస్త్రం నెలకు నూటికి ఒకటింపావు పణం ధర్మమైన వడ్డీ అంటూనే, వ్యాపార రుణాలకు 5, అడవిదారుల్లో వెళ్లే వర్తకులకు 10, సముద్ర వ్యాపారులకు 20 పణాల దాకా అనుమతించింది. అప్పిచ్చేవాడి మనసు మంచిదా చెడ్డదా అన్న విచారణ ఇందులో లేదు. రిస్కు ఎంత ఉందన్నదే కొలమానం. ఆడమ్ స్మిత్ 1776లో మరో మెట్టు ఎక్కి, పరాయివాళ్ల డబ్బును నిర్వహించే కంపెనీ డైరెక్టర్లు దాన్ని సొంత డబ్బంత జాగ్రత్తగా కాపాడతారని ఆశించలేమన్నారు. ఈనాటి పరిశోధనలో సగం ఆ ఒక్క పరిశీలన చుట్టూనే తిరుగుతోంది.

తెలుగునాట ఆధునిక బ్యాంకు పుట్టుకలో మరో భావన కూడా ఉంది. స్వాతంత్ర్య సమరయోధుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఆనాటి జాతీయవాదులు బ్యాంకును లాభాల సంస్థగానే కాక ప్రజాసేవగా చూశారు. 1969లో 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణతో, 1980లో ఆంధ్రా బ్యాంకు సహా మరో 6 బ్యాంకుల జాతీయీకరణతో ఆ భావన ఉద్యోగుల మనసుల్లో స్థిరపడింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు దాని ఉద్యోగులు, ఖాతాదారులు పడిన బాధ ఆ భావన ఎంత లోతుగా నాటుకుందో చూపింది.

స్వభావమా, ఎంపికా

ఒక రకం మనుషులే ఈ రంగంలోకి వస్తారా అన్నది మొదటి ప్రశ్న. దీనికి బలమైన ఆధారాల్లో ఒకటి జర్మనీ నుంచి వచ్చింది. అండ్రే గిల్, మథియాస్ హైన్జ్, హైనర్ షూమాకర్, మథియాస్ సుటర్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో 'నమ్మకం ఆట' ఆడించారు. ఒకరు తన డబ్బును అవతలివారికి పంపితే అది పెరుగుతుంది. అవతలివారు అందులో ఎంత తిరిగి ఇస్తారన్నది వారి ఇష్టం. ఏళ్ల తర్వాత ఆ విద్యార్థులు ఏ ఉద్యోగాల్లో చేరారో చూస్తే, ఆర్థిక రంగంలో తొలి ఉద్యోగం పట్టినవారు ఆనాటి ఆటలో ఇతరులకన్నా తక్కువ తిరిగి ఇచ్చినవారని తేలింది. అంటే కొంత ఎంపిక గడప దగ్గరే జరుగుతోంది. చదువు ప్రభావం కూడా లేకపోలేదు. 1981లో మార్వెల్, ఎయిమ్స్ జరిపిన ప్రయోగాల్లో ఉమ్మడి నిధికి ఇతరులు తమ సొమ్ములో సుమారు సగం ఇస్తే, అర్థశాస్త్రం పీజీ విద్యార్థులు 20 శాతమే ఇచ్చారు.

అయితే అన్నిచోట్లా ఇదే ఎంపిక జరగదు. మన నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం చేరే వేలాది యువతీయువకులను చూడండి. ఇంజనీరింగు పూర్తిచేసినవారు, వ్యవసాయ కుటుంబాలవారు, ఇరుకు గదుల్లో ఉంటూ అరిథ్‌మెటిక్, రీజనింగ్ మోడల్ పేపర్లు పదేపదే రాస్తారు. వారిని రప్పించేది జీవితాంతం కదలని జీతం. మార్కెట్ వేడి కోసం వచ్చేవారు అక్కడ కనిపించరు. 2011 నుంచి బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ నిర్వహిస్తున్న ఉమ్మడి రాత పరీక్ష వేగాన్ని, కచ్చితత్వాన్ని కొలుస్తుంది. వాల్ స్ట్రీట్ రిస్కు ఇష్టపడేవారిని పిలిస్తే, మన ప్రభుత్వ బ్యాంకు రిస్కు వద్దనుకునేవారిని పిలుస్తుంది.

విజయవంతమైన ట్రేడరుకు ఒక ప్రత్యేక వ్యక్తిత్వం ఉంటుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. ఆండ్రూ లో, డిమిట్రీ రెపిన్, బ్రెట్ స్టీన్‌బార్గర్ 2005లో 80 మంది డే ట్రేడర్లను పరిశీలించి అలాంటి ప్రత్యేక స్వభావమేదీ లేదన్నారు. లాభనష్టాలకు విపరీతంగా కదిలిపోయేవారి ఫలితాలు మాత్రం అధ్వాన్నంగా ఉన్నాయి.

'వాల్ స్ట్రీట్‌లో ప్రతి పదిమందిలో ఒకరు సైకోపాత్' అన్న మాట 2012 ప్రాంతంలో లోకమంతా తిరిగింది. దానికి ఆధారం లేదు. మూలంగా చూపిన అధ్యయనం వివిధ కంపెనీల ఉద్యోగుల మీద జరిగింది, ఆర్థిక రంగం మీద కాదు. అందులో తేలిన అంకె కూడా 4 శాతం దగ్గరే. ఈ విషయంలో నమ్మదగిన ఆధారం 2018లో లీన్ టెన్ బ్రింకీ, ఎయిమీ కిష్, డాకర్ కెల్ట్‌నర్ ఇచ్చారు. 101 మంది హెడ్జ్ ఫండ్ మేనేజర్ల ఇంటర్వ్యూల వీడియోల నుంచి నిర్దయ లక్షణాలను గుర్తించి, 2005 నుంచి 2015 వరకు వారి ఫండ్ల రాబడితో పోల్చారు. నిర్దయ ఎక్కువున్నవారి రాబడి ఏటా ఇతరులకన్నా తక్కువగా ఉంది. కఠిన హృదయుడే డబ్బు సంపాదిస్తాడన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ.

నాణెం ప్రయోగం

ఈ క్షేత్రంలో అందరికన్నా ఎక్కువ చర్చకు వచ్చినది 2014లో 'నేచర్' పత్రికలో అలెయిన్ కోన్, ఎర్న్‌స్ట్ ఫెహర్, మిషెల్ మరేషాల్ ప్రచురించిన ప్రయోగం. ఒక పెద్ద అంతర్జాతీయ బ్యాంకులో పనిచేసే 128 మందిని తీసుకున్నారు. ప్రతి ఒక్కరూ, ఎవరూ చూడనిచోట, నాణేన్ని 10 సార్లు ఎగరేసి ఫలితాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. గెలిచిన ప్రతిసారికీ 20 డాలర్ల దాకా రావచ్చు. ఏ బొమ్మ పడితే గెలుపో ముందే చెప్పేశారు. అంటే అబద్ధం రాయడానికి అడ్డేమీ లేదు, పట్టుకునేవాడూ లేడు.

ఆట మొదలయ్యే ముందు సగం మందిని వాళ్ల బ్యాంకు ఉద్యోగం గురించి కొన్ని ప్రశ్నలు అడిగారు. మిగతా సగం మందిని టీవీ చూడడంలాంటి తీరిక సంగతులు అడిగారు. తేడా అంతే. తీరిక సంగతులు చెప్పినవారు 51.6 శాతం గెలిచామని రాశారు, అంటే దాదాపు నిజమే. ఉద్యోగం గుర్తుచేసుకున్నవారు 58.2 శాతం రాశారు. ఇతర రంగాల ఉద్యోగులకు వారి వృత్తిని గుర్తుచేసినప్పుడు ఈ మార్పు రాలేదు. అంటే ఆ మనుషులు ఇంట్లో నిజాయితీపరులే. ఉద్యోగపు అంగీ తొడుక్కున్నాక ప్రమాణం మారింది.

ఈ ఫలితాన్నే ఆఖరి మాటగా తీసుకోకూడదు. 2019లో జో రాహ్వాన్, ఎరెజ్ యోయెలి, బార్బరా ఫసోలో మధ్యప్రాచ్యం, ఆసియా-పసిఫిక్ ప్రాంతాల బ్యాంకు ఉద్యోగులతో అదే ప్రయోగం చేస్తే అలాంటి ప్రభావం కనిపించలేదు. బ్యాంకు సంస్కృతి దేశాన్నిబట్టి, సంస్థనుబట్టి మారుతుందని వారు వాదించారు. ఒక బ్యాంకులో కనిపించినదాన్ని బ్యాంకింగ్ మొత్తానికి అంటగట్టడం తొందరపాటే అవుతుంది. అయితే ఆ బ్యాంకు మేరకు మొదటి ప్రయోగం ఒక సంగతి చూపింది. ఒకే బ్యాంకు ఉద్యోగులు, ఏ గుర్తింపు మనసులో ఉందన్నదాన్నిబట్టి రెండు రకాలుగా నడుచుకోగలరు.

నష్టభయం, గుంపు, ర్యాంకు

వృత్తిలో అనుభవం మనిషిని నిబ్బరంగా ఆలోచించేలా చేస్తుందని పాఠ్యపుస్తకాలు అనుకుంటాయి. మైఖేల్ హే, జాన్ లిస్ట్ 2005లో చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ట్రేడర్లను విద్యార్థులతో పోల్చి చూశారు. ఫలితాలను తరచుగా చూసుకుంటూ చిన్న నష్టానికి కూడా బెదిరి, దీర్ఘకాల లాభాన్ని వదులుకునే బలహీనత విద్యార్థులకన్నా ట్రేడర్లలోనే ఎక్కువ కనిపించింది. నిమిషానికోసారి తెర చూసే అలవాటు ఆ వృత్తి నేర్పిందే.

అదే వృత్తి మంచి కూడా చేస్తుంది. గుంపు ఎటు పోతుందో చూసి గుడ్డిగా వెంటపడే అలవాటు, అలాంటిదే మరో ప్రయోగంలో, చికాగో ట్రేడర్లలో విద్యార్థులకన్నా తక్కువగా కనిపించింది. గుంపు వెనుక నిజమైన సమాచారం ఉందా లేదా అన్నది వారు బాగా పసిగట్టగలిగారు. ఊట్స్ వైట్సెల్, మైకేల్ కిర్ష్‌లర్ తదితరుల 2020 అధ్యయనంలో వృత్తినిపుణులు ఆడిన ప్రయోగ మార్కెట్లలో ధరల బుడగలు విద్యార్థుల మార్కెట్లలోకన్నా చిన్నవిగా వచ్చాయి. అయినా వచ్చాయి.

నాకు వీటిలో ముఖ్యమనిపించేది ర్యాంకుల మీద కిర్ష్‌లర్, ఫ్లోరియన్ లిండ్‌నర్, వైట్సెల్ 2018లో ప్రచురించిన పని. 657 మంది ఆర్థిక వృత్తినిపుణులు, 432 మంది విద్యార్థులు ఇందులో పాల్గొన్నారు. ర్యాంకుకు పైసా బహుమతి లేకపోయినా, ర్యాంకుల పట్టికలో వెనకబడిన వృత్తినిపుణులు ఎక్కువ రిస్కు తీసుకున్నారు. విద్యార్థులు డబ్బు బహుమతి ఉన్నప్పుడే అలా చేశారు. నెలనెలా శాఖల పనితీరును పట్టికలుగా వేసి అందరి ముందూ పెట్టే బ్యాంకులు ఈ ఫలితాన్ని చదవాలి. ఆఖరి వరసలో ఉన్న శాఖే ఎక్కువ దూకుడుగా లోన్లు ఇస్తుందన్న భయానికి ఇందులో ఆధారం ఉంది.

ఒంట్లో జరిగేది

గోల్డ్‌మన్ శాక్స్, డాయిష్ బ్యాంకుల్లో ట్రేడరుగా పనిచేసి శాస్త్రవేత్తగా మారిన జాన్ కోట్స్, జో హెర్బర్ట్‌తో కలిసి 2008లో లండన్ ట్రేడింగ్ ఫ్లోరులో 17 మంది మగ ట్రేడర్ల లాలాజలాన్ని 8 పనిదినాలు రోజుకు రెండుసార్లు సేకరించారు. ఉదయం టెస్టోస్టెరోన్ ఎక్కువున్న రోజుల్లో వారి లాభాలు ఎక్కువ. లాభనష్టాలు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు, మార్కెట్ అల్లకల్లోలమైనప్పుడు ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగింది. తర్వాత 2014లో వాలంటీర్లకు 8 రోజులు కార్టిసాల్ స్థాయిని 69 శాతం పెంచి చూస్తే వారు రిస్కుకు బాగా వెనకాడారు. మార్కెట్ పడేటప్పుడు, అంటే ధైర్యంగా కొనేవారు అవసరమైనప్పుడే, ట్రేడర్ల ఒళ్లు వారిని వెనక్కి లాగుతుందన్నమాట. 17 మంది అన్నది చిన్న సంఖ్య, జాగ్రత్తగా చదవాలి. అయితే కోన్ బృందం 2015లో ప్రచురించిన మరో ప్రయోగం వేరే దారిలో ఇదే చోటికి చేరింది. మార్కెట్ పతనాన్ని గుర్తుచేసినప్పుడు ఆర్థిక వృత్తినిపుణులు, మార్కెట్ ఉప్పొంగడాన్ని గుర్తుచేసినవారికన్నా తక్కువ రిస్కు తీసుకున్నారు. కారణం భయమేనని తేలింది.

నమ్మి అమ్మడం

ఈ వ్యాసంలో మొదట చెప్పిన సంగతికి ఆధారాలు ఇక్కడున్నాయి. 2004 నుంచి 2006 దాకా అమెరికాలో ఇళ్ల ధరలు ఆకాశాన్నంటినప్పుడు, ఇంటి రుణాలను కట్టలు కట్టి బాండ్లుగా అమ్మినవారికి రాబోయే పతనం తెలుసని, తెలిసే జనాన్ని ముంచారని అందరూ అనుకున్నారు. ఇంగ్-హా చెంగ్, సాహిల్ రైనా, వే షియోంగ్ ఆ విభాగాల్లో పనిచేసిన 400 మంది మధ్యస్థాయి మేనేజర్ల సొంత ఇళ్ల కొనుగోళ్లను రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో వెతికారు. తెలిసి ఉంటే వాళ్లు ముందే అమ్ముకుని బయటపడాలి. అలా జరగలేదు. చాలామంది ధరలు మండిపోతున్న ఆ రోజుల్లోనే పెద్ద ఇళ్లు, రెండో ఇళ్లు కొన్నారు. ఈ రంగంతో సంబంధం లేని లాయర్లకన్నా వారి నిర్ణయాలు మెరుగ్గా లేవు. 2014లో వెలువడిన ఈ అధ్యయనం తర్వాత 'తెలిసి చేసిన మోసం' అన్న కథ అంత తేలిగ్గా నిలబడదు.

యూహానీ లిన్నైన్‌మా, బ్రయన్ మెల్జర్, అలెస్సాండ్రో ప్రెవిటేరో 2021లో కెనడా ఆర్థిక సలహాదారుల సొంత ఖాతాలు చూశారు. ఖాతాదారులకు ఖరీదైన ఫండ్లు అంటగట్టి, తరచూ కొని అమ్మించి, నిన్న పెరిగిన దాని వెంట పరుగెత్తించే సలహాదారులు తమ సొంత డబ్బుతోనూ అదే చేస్తున్నారు. ఉద్యోగం మానేసిన తర్వాత, కమీషన్ ఆశ లేని రోజుల్లో కూడా అలాగే కొనసాగారు. మోసగాణ్ణి నియమాలతో పట్టుకోవచ్చు. తప్పుడు నమ్మకం ఉన్న సజ్జనుణ్ణి పట్టుకోవడం చాలా కష్టం.

పై స్థాయిలో కూడా ఇదే కథ. అమెరికన్ కంపెనీల ప్రధాన ఆర్థికాధికారులను షేర్ మార్కెట్ రాబడి ఏ పరిధిలో ఉంటుందో 80 శాతం నమ్మకంతో చెప్పమని ఏళ్ల తరబడి అడిగారు. ఇట్జాక్ బెన్-డేవిడ్, జాన్ గ్రాహమ్, కాంప్‌బెల్ హార్వీ 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం నిజమైన రాబడి వారు చెప్పిన పరిధిలో పడినది 36 శాతం సార్లే.

మన దేశంలో జరిగిన ఒక ప్రయోగం దీనికి పునాదిని చూపుతుంది. షాన్ కోల్, మార్టిన్ కాంజ్, లియోరా క్లాపర్ వాణిజ్య బ్యాంకుల లోన్ ఆఫీసర్ల ముందు నిజమైన రుణ దరఖాస్తుల ఫైళ్లు పెట్టారు. కొందరికి మంజూరు చేసిన ప్రతి లోనుకూ డబ్బు, కొందరికి లోను సక్రమంగా తిరిగి వస్తేనే డబ్బు. రెండోరకం వారు ఫైళ్లు జాగ్రత్తగా చదివి మంచి నిర్ణయాలు తీసుకున్నారు. అంతవరకు ఎవరైనా ఊహిస్తారు. అయితే అసలు విశేషం మరొకటి. శాంక్షన్ చేయడాన్ని తేలిక చేసిన ఇన్సెంటివ్ ఉన్న ఆఫీసర్లు అవే ఫైళ్లను తక్కువ రిస్కు ఉన్నవిగా అంచనా వేశారు. ఏళ్ల అనుభవం ఉన్న ఆఫీసర్లు కూడా ఇలాగే చేశారు. జీతపు పద్ధతి వారి చేతిని మాత్రమే కదిలించలేదు, కంటిని కూడా మార్చింది. రిస్కంటే భయం, ఆశావాదం, ఆత్మవిశ్వాసం లాంటి వ్యక్తిగత గుణాలనుబట్టి ఈ ప్రభావం తగ్గడం, పెరగడం జరగలేదు.

ఉద్యోగ భద్రత, లోకదృష్టి

మానవశాస్త్రవేత్త కారెన్ హో 1990లలో స్వయంగా వాల్ స్ట్రీట్ బ్యాంకులో పనిచేసి, ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత అక్కడివారి మధ్య పరిశోధన చేసి 2009లో 'లిక్విడేటెడ్' అనే పుస్తకం ప్రచురించారు. ప్రిన్స్‌టన్, హార్వర్డ్‌ల నుంచి వచ్చినవారికి తాము అందరికన్నా తెలివైనవారమన్న నమ్మకం, రాత్రింబగళ్లు పని, ఏ రోజైనా ఉద్యోగం పోవచ్చన్న భయం కలిసి ఉంటాయి. తమ బతుకులో రోజూ చూసే లేఆఫ్‌లు వారికి లోకసహజంగా కనిపిస్తాయి. అందుకే ఇతర కంపెనీల్లో వేలమందిని తీసేయించే సలహా ఇచ్చేటప్పుడు వారికి క్రూరత్వం అనిపించదని ఆమె చూపించారు.

భారత ప్రభుత్వ బ్యాంకుల్లో అదే వృత్తి పూర్తిగా వేరే దృక్పథాన్ని పెంచింది. 1946లో ఏర్పడిన ఆలిండియా బ్యాంక్ ఎంప్లాయీస్ అసోసియేషన్ దేశంలోని బలమైన కార్మిక సంఘాల్లో ఒకటి. 2021 డిసెంబరు 16, 17 తేదీల్లో బ్యాంకుల ప్రైవేటీకరణ ప్రతిపాదనకు వ్యతిరేకంగా బ్యాంకు సంఘాలన్నీ దేశవ్యాప్త సమ్మె చేశాయి. మార్కెట్ అన్నీ సరిచేస్తుందన్న నమ్మకం న్యూయార్క్ బ్యాంకరుకు ఎంత సహజమో, ప్రజల సొమ్ము ప్రజల చేతిలోనే ఉండాలన్న నమ్మకం మన క్లర్కుకు అంత సహజం. ఇద్దరూ డబ్బుతోనే పనిచేస్తారు.

శాంక్షన్ అంటే భయం

ప్రభుత్వ బ్యాంకు అధికారికి అత్యాశకన్నా భయం ఎక్కువగా దారి చూపుతుంది. ఇచ్చిన లోను మొండి బకాయి అయితే 'స్టాఫ్ అకౌంటబిలిటీ' విచారణ, చార్జిషీటు, పదోన్నతి ఆగిపోవడం, ఒక్కోసారి రిటైరయ్యాక కూడా కేసు. ఇవ్వని లోనుకు ఎవరూ సంజాయిషీ అడగరు. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తేర్ డుఫ్లో ఈ పరిస్థితిని పరిశీలించి, ఒక బ్యాంకులో విజిలెన్స్ చర్య మొదలయ్యాక ఆ బ్యాంకు రుణాలు తగ్గాయని చూపారు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, దుర్బుద్ధి లేకపోయినా అధికారిని నేరస్తుణ్ణి చేయగల 13(1)(డి) సెక్షన్‌ను తొలగించారు. చేతులు కదలని స్థితి నుంచి బ్యాంకర్లను విడిపించాలన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

ఈ జాగ్రత్తే కొన్నిసార్లు రక్షణ కూడా. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండి, రియల్ ఎస్టేట్ రుణాలకు బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని పట్టుబట్టినప్పుడు ప్రైవేటు బ్యాంకర్లు విసుక్కున్నారు. 2008 తర్వాత అదే జాగ్రత్త దూరదృష్టిగా గుర్తింపు పొందింది.

భారతీయ బ్యాంకరు నిర్ణయాల్లో కులం, మతం పాత్రను రేమండ్ ఫిస్మన్, డేనియల్ పరావిసిని, విక్రాంత్ విగ్ 2017లో పరిశీలించారు. శాఖాధికారి, రుణగ్రహీత ఒకే సామాజిక వర్గమైతే ఎక్కువ రుణం, తక్కువ హామీ దొరికింది, తిరిగి చెల్లింపు కూడా మెరుగైంది. తనవాళ్ల గురించి అధికారికి ఎక్కువ సమాచారం ఉండడం దీనికి కారణం కావచ్చు. ఆ సమాచారం అందని వర్గాలకు మాత్రం ఇది అన్యాయమే.

కమీషన్ బాట

సంతోష్ అనగోల్, షాన్ కోల్, షాయక్ సర్కార్ మన జీవిత బీమా ఏజెంట్ల దగ్గరికి ఖాతాదారుల వేషంలో మనుషులను పంపారు. టర్మ్ పాలసీ స్పష్టంగా లాభమైనచోట కూడా ఏజెంట్లు ఎక్కువ కమీషన్ ఉన్న ఎండోమెంట్, హోల్ లైఫ్ పాలసీలే సిఫారసు చేశారు. ఖాతాదారుకు పొరపాటు అభిప్రాయం ఉంటే సరిదిద్దకుండా దానికే తలూపారు. ఒక రకం పాలసీపై కమీషన్ వెల్లడించాలన్న నియమం రాగానే, వెల్లడి అక్కర్లేని మరో పాలసీ వైపు మళ్లారు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2009 ఆగస్టులో మ్యూచువల్ ఫండ్లపై ఎంట్రీ లోడ్ (కొనేటప్పుడు కోసే రుసుము) రద్దుచేసినప్పుడూ అమ్మకందారుల ఉత్సాహం బీమా వైపు తిరిగింది. బ్యాంకు శాఖల్లో 'లాగిన్ డే' అంటే ఏమిటో అక్కడ పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ రోజు సాయంత్రంలోగా ఇన్ని బీమా పాలసీలు నమోదు కావాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు బీమా కాగితాల మీద సంతకం చేసి వెళ్తాడు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2016లో ఇదే రకం ఒత్తిడికి మూల్యం చెల్లించింది. ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచినందుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. పోయినవారిలో ఎక్కువమంది కింది స్థాయివారు.

2010 ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ సంక్షోభం

తెలుగు పల్లెలకు ఈ విషయం పుస్తకాల్లో చదివే పాఠం కాదు. ఆంధ్రప్రదేశ్ దేశంలో సూక్ష్మరుణాలకు కేంద్రంగా ఉండేది. హైదరాబాదు కేంద్రంగా పెరిగిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010లో షేర్ మార్కెట్‌లో లిస్టయింది. పేదలకు అప్పు ఇవ్వడమే సేవ అని మొదలైన పని, త్రైమాసిక వృద్ధిని చూపాల్సిన వ్యాపారమైంది.

పొద్దున్నే ఊళ్లో ఎవరింటి వాకిట్లోనో సెంటర్ మీటింగ్. మహిళలు గ్రూపులవారీగా వరుసల్లో కూర్చుంటారు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు, ఇంటర్ లేదా డిగ్రీ చదివి ఉద్యోగం దొరికిందని సంతోషించినవాడు, మోటార్ సైకిల్ మీద వచ్చి పుస్తకం తెరుస్తాడు. ఒకరి వాయిదా తగ్గితే గ్రూపంతా కట్టాలి. ఎవరూ కట్టకపోతే అతను అక్కడినుంచి లేవడు. మధ్యాహ్నానికి మరో ఊరు. అతని ఇన్సెంటివ్ కొత్త సభ్యుల సంఖ్యతో, వసూళ్ల శాతంతో ముడిపడింది. ఒకే మహిళకు ముగ్గురు నలుగురు అప్పిచ్చినా అతని పుస్తకంలో కనిపించేది తన సంస్థ బాకీ ఒక్కటే. అతనూ పల్లెవాడే, అతని తల్లి కూడా మరో ఊళ్లో అలాంటి గ్రూపులో ఉండవచ్చు. వసూలు ఆగకపోవడమే పేదలు నిలదొక్కుకుంటున్నారనడానికి రుజువని అతనికి శిక్షణలో చెప్పారు, అతను నమ్మాడు.

బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల వార్తలు వెల్లువెత్తాక రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థల రిజిస్ట్రేషన్, నెలవారీ వాయిదాలు, బహిరంగ స్థలాల్లోనే వసూళ్లు తప్పనిసరి అయ్యాయి. వసూళ్లు ఒక్కసారిగా కూలిపోయాయి. వై.హెచ్. మాలెగాం కమిటీ నివేదిక ఆధారంగా రిజర్వు బ్యాంకు 2011లో ఈ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఈ చర్చ అంతటిలో ప్రమోటర్ల సంపద గురించి చాలా మాట్లాడుకున్నాం. రెండువైపులా నలిగిన ఆ ఫీల్డు కుర్రాళ్ల గురించి చాలా తక్కువ మాట్లాడుకున్నాం.

మహిళలు

ఆర్థిక రంగంలో రిస్కు ఎక్కువున్న పదవుల్లో మగవారే ఎక్కువ. పావోలా సపియెంజా, లూయిజి జింగాలెస్, డారియో మయెస్ట్రిపియెరి 2009లో చికాగో ఎంబీఏ విద్యార్థులను పరిశీలిస్తే, అలాంటి కొలువులు ఎంచుకున్న మగవారు 57 శాతం, ఆడవారు 36 శాతం. రంగంలో స్థిరపడ్డవారి మధ్య మాత్రం రిస్కు తీసుకోవడంలో తేడా చాలా తగ్గుతుంది. పైన చెప్పిన ర్యాంకుల ప్రయోగంలో వృత్తినిపుణుల మధ్య స్త్రీపురుష భేదం కనిపించలేదు. వివక్ష మరోచోట ఉంది. అమెరికన్ సలహాదారులపై మార్క్ ఈగన్, గ్రెగర్ మాట్వోస్, అమిత్ సేరు చేసిన పనిలో, తప్పు చేసినప్పుడు మహిళలు ఉద్యోగం పోగొట్టుకునే అవకాశం మగవారికన్నా 20 శాతం ఎక్కువ, మళ్లీ ఉద్యోగం దొరికే అవకాశం 30 శాతం తక్కువ అని తేలింది.

జీతాలు, నియంత్రణ

థామస్ ఫిలిప్పాన్, అరియెల్ రెషెఫ్ 1909 నుంచి 2006 దాకా అమెరికా జీతాలను లెక్కించారు. నియంత్రణలు గట్టిగా ఉన్న దశాబ్దాల్లో ఆర్థిక రంగ జీతాలు ఇతర రంగాలతో దాదాపు సమానంగా ఉన్నాయి. నియంత్రణలు సడలాక, 2006 నాటికి అదే చదువున్నవారికన్నా సగటున 50 శాతం ఎక్కువయ్యాయి. ఆ జీతాలు ఎవరిని ఆకర్షిస్తాయన్నదీ, వచ్చినవారు దేన్ని సహజమనుకుంటారన్నదీ ఈ లెక్కతోనే మారిపోయాయి.

సంక్షోభం తర్వాత కొన్ని దేశాలు మనసును, కొన్ని జేబును పట్టుకోవాలని చూశాయి. నెదర్లాండ్స్ 2015 నుంచి బ్యాంకు ఉద్యోగులందరి చేతా ఖాతాదారు ప్రయోజనాన్ని కాపాడతామని ప్రమాణం చేయిస్తోంది. యూరోపియన్ యూనియన్ 2014లో బోనస్‌ను స్థిర జీతానికి సమానంగా, వాటాదార్లు ఒప్పుకుంటే రెట్టింపు దాకా పరిమితం చేసింది. బ్రిటన్ 2023లో ఆ పరిమితిని ఎత్తేసింది. మన రిజర్వు బ్యాంకు 2019 నవంబరులో ప్రైవేటు బ్యాంకుల జీతాలకు కొత్త మార్గదర్శకాలిచ్చి, 2020 ఏప్రిల్ నుంచి అమలుచేసింది. ఉన్నతాధికారుల ఆదాయంలో కనీసం సగం పనితీరుతో ముడిపడాలి, అందులో 60 శాతమైనా మూడేళ్లకు తగ్గకుండా వాయిదా వేసి ఇవ్వాలి, తప్పు బయటపడితే వెనక్కి తీసుకునే హక్కు బ్యాంకుకు ఉండాలి. ఈ మార్గదర్శకాలు పూర్తికాల డైరెక్టర్లు, సీఈఓలు, భారీ రిస్కు నిర్ణయాలు తీసుకునే అధికారులు, నియంత్రణ విభాగాలవారి గురించి రాసినవి. కౌంటరు దగ్గర పాలసీ అమ్మే అసిస్టెంటు, సెంటర్ మీటింగ్‌లో వాయిదా వసూలు చేసే కుర్రాడు, ఇంటింటికీ తిరిగే ఏజెంటు వాటి పరిధిలో లేరు. వారి ఇన్సెంటివ్ ఇప్పటికీ నెలాఖరుకే లెక్కకొస్తుంది.